వాక్యాల అచ్చులు చూపిన హోర్న్‌బీ

పరభాషగా ఆంగ్లం నేర్చే విద్యార్థికి నిఘంటువు ఎలా ఉండాలో లోకానికి చూపినవాడు ఆల్బర్ట్ సిడ్నీ హోర్న్‌బీ. ఆయన ఇంగ్లండులోని చెస్టర్ పట్టణంలో 1898 ఆగస్టు 10వ తేదీన జన్మించాడు. లండనులోని యూనివర్సిటీ కాలేజీలో విద్య ముగించుకొని, 1924లో జపాను వెళ్ళి, క్యూషూ దీవిలోని ఓయిత నగరంలో ఒక వాణిజ్య కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు.

సాహిత్యం బోధించబోయిన ఆ యువకునికి, అక్కడి విద్యార్థులకు సాహిత్యం కంటె ముందు భాష కావాలని అచిరకాలంలోనే బోధపడింది. అప్పటికే హెరాల్డ్ పామర్ అనే భాషావేత్త 1923లో టోకియోలో ఆంగ్లబోధనకై ఒక పరిశోధనాసంస్థను నెలకొల్పి ఉన్నాడు. హోర్న్‌బీ ఆయన కృషిలో పాలుపంచుకొన్నాడు. 1936లో పామర్ స్వదేశం వెళ్ళిపోగా ఆ బరువులో చాలభాగం హోర్న్‌బీ భుజాలపై పడింది.

మాటకు అర్థం తెలిసినంతమాత్రాన వాక్యం రాదు. ఆ మాట ఏ అచ్చులో ఒదుగుతుందో కూడ తెలియాలి. హోర్న్‌బీ జీవితమంతా ఈ ఒక్క సత్యాన్ని నిరూపించడానికే వినియోగమైందని చెప్పవచ్చు. ఆయన క్రియలకు 25 వాక్యరీతులు నిర్ణయించి, ఏ క్రియ ఏ రీతిలో ప్రయుక్తమవుతుందో నిఘంటువులోనే సూచించాడు. తరువాత విశేషణాలకు సైతం అట్టి రీతులను వివరించాడు.

ఈ విశేషణరీతుల ప్రయోజనం మన పిల్లలకు మరీ ఎక్కువ. విశాఖపట్టణంలో పూర్ణా మార్కెట్‌కు వెళ్ళినవాడు, వంకాయలు ఇంత చవకగా దొరకడం వింత అంటాడు. తెలుగులో తలంపు ముందు, దానిపై అభిప్రాయం వెనుక. ఆంగ్లంలో సామాన్యంగా అభిప్రాయమే ముందు వస్తుంది. తలంపు వెనుకకు పోగా, ఖాళీపడిన కర్తృస్థానంలో ఇట్ అనే అర్థంలేని మాట నిలుస్తుంది: ఇట్ ఈజ్ స్ట్రేంజ్ దట్ అని వాక్యం మొదలవుతుంది. మన భాషలో ఇటువంటి ఉత్తి కర్త లేదు. అందుచేతనే వాడు రావడం అసాధ్యం అన్న భావాన్ని విద్యార్థి హీ ఈజ్ ఇంపాసిబుల్ టు కమ్ అని వ్రాస్తాడు. వాని తెలివిలో లోపం లేదు. అచ్చు తెలియదు, అంతే.

ఇంకొక సూక్ష్మం ఉంది. మీరు రావడం మీ మంచితనం అని చెప్పేటప్పుడు కైండ్ తరువాత ఆఫ్ వస్తుంది. అక్కడ ప్రశంస పనికీ, చేసినవానికీ కూడ చెందుతుంది. పిల్లవానికి ఆ బస్తా ఎత్తడం కష్టం అనేటప్పుడు డిఫికల్ట్ తరువాత ఫర్ వస్తుంది. అక్కడ మాట పనిని గురించే గాని పిల్లవాని గుణాన్ని గురించి కాదు. అర్థాలు మాత్రమే ఇచ్చే నిఘంటువు ఈ భేదాన్ని చెప్పజాలదు.

గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరు సహచరులతో హోర్న్‌బీ నిఘంటువు సిద్ధం చేశాడు. ఇంతలో 1941 డిసెంబరులో జపాను యుద్ధంలో దిగింది. పాఠాలు చెప్పిన గడ్డమీదనే ఆయన శత్రుదేశీయుడై నిర్బంధంలో ఉండవలసివచ్చింది. అయినా 1942లో టోకియోలోని కైతకూష అనే ప్రచురణసంస్థ ఆ గ్రంథాన్ని వెలువరించింది. రెండు దేశాలు పోరాడుతున్న సంవత్సరంలో ఒక దేశపు భాషానిఘంటువు రెండవ దేశంలో అచ్చయింది! విద్యకు సరిహద్దులు లేవనడానికి ఇంతకంటె నిదర్శనం వేరే కావాలా?

ఆ ఏడే విడుదలై స్వదేశం చేరిన హోర్న్‌బీ, బ్రిటిష్ కౌన్సిల్ పక్షాన ఇరాను వెళ్ళి యుద్ధాంతం వరకు పనిచేశాడు. 1946లో ఆంగ్లోపాధ్యాయుల కోసం ఒక పత్రికను ప్రారంభించాడు. 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ఆ నిఘంటువును తిరిగి ప్రచురించింది. నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. వాక్యరీతులపై ఆయన ప్రత్యేకగ్రంథం 1954లో వెలువడింది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్లసంస్థ ఏర్పడింది. ఆ దశకాల్లో మన పాఠశాలలకు కూడ వాక్యరీతుల బోధన వ్యాపించింది.

గ్రంథాలవల్ల చేకూరిన ధనాన్ని హోర్న్‌బీ తనకే ఉంచుకోలేదు. 1961లో ఒక ధర్మనిధి నెలకొల్పి, ఇతర దేశాల ఆంగ్లోపాధ్యాయుల ఉన్నతశిక్షణకు దానిని వినియోగింపజేశాడు. 1978 సెప్టెంబరు 13న, 80 ఏళ్ల వయస్సులో ఆయన పరమపదించాడు. విద్యార్థి తప్పు వ్రాసినప్పుడు ఎర్రసిరాతో కొట్టివేయడం సులభం. ఆ తప్పు ఎందుకు వచ్చిందో విచారించి, సరియైన అచ్చును చేతికందించడం కష్టం. హోర్న్‌బీ ఆ కష్టమైన పనినే ఎన్నుకొన్నాడు.