మనసు నలిగిన భక్తుడు విలియం కూపర్

మన సంఘాల్లో ప్రార్థన మనవులు చెప్పే సమయం వచ్చినప్పుడు జ్వరం, షుగరు, మోకాళ్ల నొప్పులు, పిల్లల ఉద్యోగాలు అన్నీ బయటికి వస్తాయి. మనసు బాగాలేదని మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే విశ్వాసం చాలలేదంటారేమోనని భయం. నిద్రలేని రాత్రులను, కారణం తెలియని దుఃఖాన్ని లోలోపలే దాచుకొని ఆదివారం ఆరాధనకు నవ్వుముఖంతో వస్తున్నవారు మన మధ్యనే ఉన్నారు. వారికోసం, వారి పక్కన కూర్చునే మనకోసం ఈ వారం ఒక భక్తుని జీవితాన్ని జ్ఞాపకం చేసుకుందాం.

విలియం కూపర్ 1731లో ఇంగ్లండులోని బర్కమ్‌స్టెడ్‌లో ఒక పాదిరిగారి ఇంట జన్మించారు. ఆరేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నారు. ఆ తర్వాత చేరిన బడిలో తనకన్నా పెద్దవాడొకడు పెట్టిన హింస ఆ పసి మనసులో నాటుకుపోయింది. పెద్దయ్యాక న్యాయశాస్త్రం చదివారు. 1763లో బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగం చేతికందేలా కనిపించింది. అయితే సభ ఎదుట నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ రోజు దగ్గరపడేకొద్దీ భయం ఆయనను కమ్మేసింది. ప్రాణం తీసుకోబోయారు. దేవుని కృపవల్ల బతికారు.

మతి తప్పినవారిని గొలుసులతో కట్టి, వచ్చేపోయేవారికి వింతగా చూపించిన కాలమది. అలాంటి రోజుల్లో ఆయనవారు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లో మనోవ్యాధులకు వైద్యం చేసే డాక్టరు నథానియేల్ కాటన్ గారి దగ్గర చేర్చారు. కాటన్ గారు దైవభక్తి గలవారు, నెమ్మది గలవారు. 1764లో అక్కడే కూపర్ బైబిలు తెరిచి రోమా పత్రిక 3వ అధ్యాయం 25వ వచనం చదువుతూ, క్రీస్తు రక్తం తన పాపాలకు చాలునని గ్రహించి ఆనందంతో కన్నీళ్లు పెట్టుకున్నారు. వైద్యమూ వాక్యమూ ఒకే కప్పు కింద ఆయనకు దొరికాయి.

తర్వాత అన్విన్ కుటుంబం ఆయనను ఇంటిమనిషిగా చేర్చుకుంది. ఇంటి యజమాని చనిపోయాక, 1767లో మేరీ అన్విన్ గారితోపాటు ఓల్నీ అనే చిన్న ఊరికి వెళ్లారు. అక్కడి సంఘ కాపరి జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసల ఓడలు నడిపి, తర్వాత ప్రభువు సేవకుడైన మనిషి. ఇద్దరూ కలిసి పేదల ఇళ్లకు వెళ్లారు, సంఘం కోసం కీర్తనలు రాశారు. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనల పుస్తకంలో 60కి పైగా పాటలు కూపర్ గారివే. క్రీస్తు రక్తపు ఊటను గురించిన పాట, దేవుని మర్మమైన మార్గాలను గురించిన పాట నేటికీ లోకమంతటా పాడుతున్నారు.

ఆ పాటలు రాసిన భక్తుడే 1773 ఆరంభంలో మళ్లీ కుప్పకూలిపోయారు. దేవుడు తనను శాశ్వతంగా విడిచిపెట్టాడన్న తలంపు ఆయనలో పాతుకుపోయింది. మళ్లీ చావబోయారు. ఆ తర్వాత సంఘ ఆరాధనకు వెళ్లలేకపోయారు.

అప్పుడు న్యూటన్ గారు ఏం చేశారో మనం గమనించాలి. కూపర్ గారిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఒక వారం, రెండు వారాలు కాదు, ఏడాదికి పైగా. వాదించి మార్చలేనని తెలిసినా దగ్గర కూర్చున్నారు, కలిసి నడిచారు, ప్రార్థించారు. మేరీ గారు రాత్రింబగళ్లు కనిపెట్టుకొని ఉన్నారు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే. ఓల్నీలోని ఈ స్నేహితులు ఆ మేలును ఏళ్ల తరబడి చేశారు.

మెల్లగా చిన్న చిన్న పనులు కూపర్ గారిని నిలబెట్టాయి. ఎవరో ఇచ్చిన మూడు కుందేలు పిల్లలను సాకారు, వాటికి గూళ్లు తానే చేశారు. తోటపని చేశారు, స్నేహితులకు ఉత్తరాలు రాశారు. 1785లో వచ్చిన ఆయన దీర్ఘకావ్యం ‘ది టాస్క్’ ఇంగ్లండు అంతటా పేరు తెచ్చింది. బానిస వ్యాపారానికి విరోధంగానూ పద్యాలు రాశారు. మేరీ గారికి పక్షవాతం వచ్చినప్పుడు, ఒకనాడు తనను కాపాడిన ఆమెకు తానే సేవ చేశారు. 1796లో ఆమె చనిపోయారు. చీకటి పూర్తిగా తొలగకుండానే 1800 ఏప్రిల్ 25న కూపర్ గారు కన్నుమూశారు.

ముగింపు ఇలా ఉన్నందుకు కొందరికి కష్టంగా ఉండవచ్చు. స్వస్థత సాక్ష్యాలు వినడానికి మనం అలవాటుపడ్డాం. కాని రక్షణ ఆనందం అనుభవించలేని దినాల్లోనూ ఆయన ప్రభువు చేతిలోనే ఉన్నారని మేము నమ్ముతున్నాం. మన పట్టు సడలినప్పుడు ఆయన పట్టు సడలదు.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మన సంఘంలో ఎవరైనా మనసు బాగాలేదని చెబితే పాపమని, దయ్యమని తొందరపడి తీర్పు చెప్పవద్దు. వారితో ప్రార్థించండి. మానసిక వైద్యుని దగ్గరకు తోడు వెళ్లండి. మందు వేసుకోవడం అవిశ్వాసం అనిపించుకోదు. చావు మాట నోట వస్తే వారిని ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

మీరే ఆ చీకటిలో ఉంటే, ఈ రోజే ఒక్కరికి చెప్పండి. ప్రభువు మీకూ ఒక న్యూటన్‌ను అనుగ్రహించును గాక. మనలో ప్రతివారినీ మరొకరికి న్యూటన్‌గా చేయును గాక. ఆమేన్.