కలియుగ భీముడి చెయ్యి చెప్పే సంగతి

శ్రీకాకుళంలో కోడి రామమూర్తి స్టేడియం ముందు నుంచి మీరు ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. విశాఖ బీచ్‌రోడ్డులో ఆయన విగ్రహం దగ్గర మీ అబ్బాయి చెయ్యి మడిచి, కండ బిగించి ఫొటో దిగే ఉంటాడు. గమనించారో లేదో, ఫొటో కోసం పిల్లలు బిగించేది ఎప్పుడూ చేతికి ముందువైపు ఉండే కండనే. నిజానికి మీ పైచేతిలో సగానికి మించిన కండ వెనకవైపు ఉంటుంది. దాని పేరు ట్రైసెప్స్. మడిచిన మోచేతిని చాపేది అదే. తలుపు తోసినా, నేలమీద చేతులానించి లేచినా, కుర్చీ చేతుల మీద బరువు వేసి పైకి లేచినా పని దానిదే.

జిమ్‌లో చేరిన పిల్లలున్న ఇళ్లలో ఈమధ్య ఈ కండ మీద ఒక వాదన నడుస్తోంది. పుషప్స్, బెంచ్ ప్రెస్ లాంటివి చేస్తుంటే చాలదా? ట్రైసెప్స్ కోసం మళ్లీ విడిగా కేబుల్ గుంజాలా, డంబెల్ ఎత్తాలా? ఇలా ఒకే కీలు కదిలేలా, ఒకే కండకు పని చెప్పేవాటిని ఐసోలేషన్ వ్యాయామాలంటారు. వాటికి సమయం పెట్టడం దండగంటారు కొందరు. అవి లేకపోతే చెయ్యి పెరగదంటారు మరికొందరు. జవాబు వెతకడానికి మన ఉత్తరాంధ్ర మనిషి జీవితంలోకి ఒకసారి వెళ్లొద్దాం.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

కోడి రామమూర్తినాయుడు 1882లో వీరఘట్టంలో పుట్టారు. అప్పట్లో ఆ ప్రాంతమంతా పాత విశాఖపట్నం జిల్లా. తరవాత శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. తండ్రి వెంకన్ననాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లిలేని పిల్లాణ్ని తండ్రి విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపారు. ఆ పినతండ్రి పోలీసు ఇన్‌స్పెక్టర్. పిల్లాడికి పుస్తకాలకంటే వ్యాయామశాల మీదే మనసు. పినతండ్రి అడ్డు చెప్పకపోగా ప్రోత్సహించారు. చదువులో వెనకబడ్డ పిల్లాడికి ఆటలోనో, కసరత్తులోనో ఒక దారి దొరికితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన ప్రాంతంలో దొరకదు.

రామమూర్తి అక్కడ కుస్తీ నేర్చుకున్నారు. ఆ కాలపు గోదాల్లో ఎవరు అడుగుపెట్టినా మొదటి పాఠం దండీలు, బస్కీలు. తరవాత గదలు తిప్పడం, జోడీ కుర్రాడితో పట్టు పట్టడం. వీటిలో ఏ ఒక్కటీ ఒక్క కండకు చెప్పిన పని కాదు. దండీనే తీసుకోండి. నడుము పైకెత్తి, తలను నేలకు దగ్గరగా దించి, ఒళ్లు ముందుకు జారుస్తూ చేతులమీద లేవాలి. ఛాతీ, భుజాలు, వీపు, పొట్ట, అన్నీ కలిసి పనిచేస్తాయి. చివర్లో మోచెయ్యి తిన్నగా చాచేది మాత్రం ట్రైసెప్సే. అంటే ఎవరూ దాని పేరు పలక్కుండానే రోజూ వందల సార్లు దానికి పని పడేది.

తరవాత రామమూర్తి మద్రాసు వెళ్లి సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగొచ్చి, తాను చదువుకున్న విజయనగరం హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. ఆయనను సర్కస్ బలశాలిగానే గుర్తుపెట్టుకుంటాం గానీ, అంతకుముందు ఆయన డ్రిల్లు మాస్టారు.

శాండో వచ్చిన రోజులు

మీ ఇంట్లో ఇప్పటికీ చేతుల్లేని బనియన్‌ను శాండో బనియన్ అంటారు కదా. ఆ శాండో నిజంగా ఉన్న మనిషి. యూజెన్ శాండో జర్మనీలో 1867లో పుట్టి, లండన్‌లో పేరు తెచ్చుకున్న బలశాలి. ఆయన 1904-05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. అప్పటికి రామమూర్తికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. శాండో పద్ధతిలో తేలిక డంబెల్స్ పట్టుకుని, మనసంతా ఒక్కో కండ మీద పెట్టి, దాన్ని విడిగా బిగించి వదలాలి. ఇప్పటి ఐసోలేషన్ వ్యాయామాలకు ఆ పద్ధతిని పెద్దన్న అనుకోవచ్చు.

అంటే ఒకే కాలంలో రెండు దారులు మన ముందుకొచ్చాయి. ఒకటి గోదా దారి: ఒళ్లంతటినీ ఒక్క పనిలో కూర్చడం. రెండోది శాండో దారి: ఒళ్లును కండలుగా విడదీసి, ఒక్కోదాన్నీ పెంచడం. ఇవాళ మీ ఇంట్లో నడుస్తున్న వాదన నూట ఇరవై ఏళ్ల నాటిదే.

ఆ బలం ఎక్కడిది?

రామమూర్తి సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ప్రొఫెసర్ రామమూర్తి అన్న పేరు కలకత్తా దాకా పాకింది. బెంగాల్‌లో భీమ్ భవానీగా పేరు పొందిన బలశాలి కుర్రతనంలో ఈయన సర్కస్‌లో చేరే, రంగూన్, సింగపూర్, జావా వంటి చోట్లు చూశాడు. రామమూర్తిని జనం కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. ఆయన శాకాహారి. ప్రాణాయామం ఆయన సాధనలో పెద్ద భాగం.

ఆయన ప్రదర్శనల్లో మూడు బాగా పేరుపొందాయి. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి నిండా పీల్చి తెంచడం. రెండు కార్లను తాళ్లతో చేతులకు కట్టించుకుని కదలనివ్వకుండా ఆపడం. ఛాతీ మీద పరిచిన బల్ల మీదుగా ఏనుగును నడిపించుకోవడం.

వీటిని మీరు వైద్యుడి కళ్లతో చూడండి. గొలుసు తెగేది ఛాతీ, వీపు, భుజాలు ఒక్కసారిగా ఉబ్బి బిగుసుకున్నప్పుడు. కారును ఆపేది పిడికిలి నుంచి పాదం వరకు ఒళ్లంతా ఒక్క కట్టులా నిలిచినప్పుడు. ఏనుగు బరువు బల్లమీద పరుచుకుంటుంది. దాన్ని కాసేది గాలి నిండిన ఛాతీ, బిగించిన పొట్ట. అక్కడ ట్రైసెప్స్ పని అంతంతమాత్రం. ఈ మూడింటిలో ఒక్కటీ ఒంటరి కండ చేసింది కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఊపిరి బిగపట్టి బరువెత్తితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఏళ్ల సాధన ఉన్న మల్లుడి సంగతి వేరు. బీపీ, గుండెజబ్బు ఉన్నవారు, యాభై దాటాక మొదలుపెట్టేవారు ఈ పని అస్సలు చేయకూడదు. బరువు తోసేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు పీల్చండి.

అయితే విడిగా చేయక్కర్లేదా?

తొందరపడి ఆ మాట అనకండి. ట్రైసెప్స్‌కు మూడు తలలుంటాయి. రెండు తలలు భుజం ఎముక మీదే మొదలవుతాయి. మూడోది, పొడవైనది, వీపు వెనకున్న రెక్క ఎముక నుంచి వస్తుంది. అంటే అది భుజం కీలునూ దాటుతుంది, మోచేతినీ దాటుతుంది. మూడూ కలిసి ఒకే స్నాయువుగా మోచేతి మొనకు అతుక్కుంటాయి.

దండీ, పుషప్, బెంచ్ ప్రెస్ చేసినప్పుడు పొట్టి తలలు రెండూ బాగా శ్రమిస్తాయి. పొడవు తల మాత్రం మోచేతి దగ్గర కుదించుకుంటూనే భుజం దగ్గర సాగుతుంది. ఒకవైపు లాగి మరోవైపు వదిలినట్టు. దాని పొడవులో పెద్దగా మార్పుండదు కాబట్టి దానికి అందే పని కూడా తక్కువ. చెయ్యి తలపైకెత్తి, మోచేతిని వెనక్కి మడిచి చాపితే ఈ తల బాగా సాగి పనిచేస్తుంది. జపాన్‌లో 12 వారాలపాటు చేసిన ఒక పరిశోధనలో, చేతిని తలపైకెత్తి చేసిన వ్యాయామంతో ట్రైసెప్స్ ఎక్కువ పెరిగింది. చెయ్యి పక్కకు దించి అదే మోచేతి కదలిక చేసినప్పుడు అంత పెరగలేదు.

కాబట్టి జవాబు మీరు ఎందుకు చేస్తున్నారన్న దాన్నిబట్టి మారుతుంది. కొత్తగా మొదలుపెట్టిన వారికి, ఒంట్లో మామూలు బలం కావాలనుకునేవారికి తోసే వ్యాయామాలే చాలు. వారానికి గంటో రెండు గంటలో దొరికే గృహిణికి, ఉద్యోగికి ఆ సమయం వీటికి పెట్టడమే లాభం. చెయ్యి నిండుగా కనబడాలనుకునే కుర్రాడికి, మోచెయ్యి చాపే బలం తగ్గిన వారికి, భుజం నొప్పి వల్ల పుషప్ చేయలేని వారికి, దెబ్బ తగిలి కట్టు విప్పిన చేతికి మాత్రం విడి వ్యాయామం అవసరమే. అదీ పెద్ద వ్యాయామాల తరవాతే. వాటి బదులుగా కాదు.

ఆమదాలవలస చెప్పిన తీర్పు

రామమూర్తి తరవాత ఈ నేల బరువులెత్తడం మానలేదు. విజయనగరం దగ్గర కొండవెలగాడ అమ్మాయిలకు వెయిట్‌లిఫ్టింగ్ ఇంటిపేరులా మారింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ ఎత్తుల్లో బలమంతా కాళ్లలో, నడుములో పుడుతుంది. కానీ బార్ తలమీదికొచ్చాక మోచేతులు వెంటనే తిన్నగా బిగుసుకోవాలి. సగంలో ఆగి మళ్లీ తోసి చాపితే ఆ ఎత్తు చెల్లదు. పని ఒళ్లంతా చేస్తుంది, చివరి తీర్పు ట్రైసెప్స్ చేతిలో ఉంటుంది. అందుకే పోటీలకు వెళ్లేవారు అసలు ఎత్తులయ్యాక దానికోసం కొంత విడి సమయం కేటాయిస్తారు.

చివరి అధ్యాయం

రామమూర్తి జీవితంలో ఆఖరి భాగం మీకు తెలియాలి. ఏనుగును మోసిన ఆ మనిషికి కాలిపై రాచపుండు లేచింది. పెన్సిలిన్ సామాన్యులకు అందని కాలమది. కాలు తీసేయక తప్పలేదు. మత్తుమందు వద్దని, ప్రాణాయామ బలంతో ఆ కోత ఓర్చుకున్నారని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చేతికొచ్చిన డబ్బులో ఎక్కువ దానధర్మాలకే పోయింది. 1942లో ఒడిశాలోని బలాంగీర్‌లో ఆయన కన్నుమూశారు.

ఇందులో మీకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఎంత బలవంతుడైనా చిన్న పుండును అశ్రద్ధ చేయకూడదు. ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. మానని పుండు కనబడితే ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రెండోది మన కండ సంగతి. ఒక కాలు పోయినా, తుంటి ఎముక విరిగినా, మోకాలి ఆపరేషన్ అయినా ఒంటి బరువు చేతులమీదికి వస్తుంది. ఊతకర్ర మీద నిలబడేటప్పుడు, వాకర్ పట్టుకుని అడుగు వేసేటప్పుడు, మంచం అంచు నుంచి లేచేటప్పుడు మోచెయ్యి వంగిపోకుండా కాసేది ట్రైసెప్సే. అది నీరసించి ఉంటే ఆపరేషన్ బాగా జరిగినా మనిషి మంచం దిగలేడు. మీ అబ్బాయికి అది ఫొటోలో కనిపించే కండ. మీ నాన్నగారికి అది బాత్‌రూమ్ దాకా తన కాళ్లమీద తాను వెళ్లగలిగే స్వేచ్ఛ.

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ వారంలో కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమంటోంది. మొదటి నెల గోడకు రెండు చేతులానించి పుషప్స్ చేయండి. 8 నుంచి 12 సార్లు, మధ్యలో ఆగి రెండు మూడు విడతలుగా చేస్తే చాలు. తేలికైపోతే వంటగది గట్టు పట్టుకుని, ఆ తరవాత నేలమీద. పెద్దవారైతే చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతుల మీద బరువు వేసి లేచి కూర్చోవడం సాధన చేయించండి.

ఇది కుదిరాక, కావాలనుకుంటేనే విడి వ్యాయామం. ఒక లీటరు నీళ్లసీసా అంటే ఒక కిలో. దాన్ని రెండు చేతులతో తలపైకెత్తి, మోచేతులు మడిచి మెల్లగా వెనక్కి దించి, మళ్లీ చాపండి. మోచేతి మొన దగ్గర నొప్పి అనిపిస్తే ఆపేయండి. మొదటిరోజే ఎక్కువ బరువు పెడితే బాధపడేది కండకంటే ముందు అక్కడి స్నాయువే. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఈమధ్య ఆపరేషన్ అయినవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఈసారి బీచ్‌రోడ్డుకు వెళ్లినప్పుడు మీ అబ్బాయికి ఆ విగ్రహం ఎవరిదో చెప్పండి. పదిమంది పిల్లలకు డ్రిల్లు నేర్పిన మాస్టారని చెప్పండి. తరవాత ఇంటికొచ్చి, వాడూ వాళ్ల తాతయ్యా ఒకే గోడ దగ్గర నిలబడి పది పుషప్స్ చేసేలా చూడండి.