మహబూబ్ అలీ పాషా

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారునకు సమీపమున మక్కా మసీదు కలదు. దాని ఆవరణములో ఆసఫ్ జాహీ ప్రభువులలో పలువురి సమాధులు వరుసగా నున్నవి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ సమాధియు అందే యున్నది. ప్రజలు ఆయనను మహబూబ్ పాషా యని పిలిచెడివారు. మహబూబ్ అను మాటకు ప్రియమైనవాడు అని అర్థము. రాజ్యములు పోయినవి, కాలము మారినది. కాని పాముకాటు మాట వచ్చినప్పుడు ఆ ప్రభువు పేరు తలచుకొను పెద్దలు పాతబస్తీలో నేటికిని కలరు. దానికి కారణమేమో తెలియవలెనన్న ఆయన జీవితము కొంత తెలియవలెను.

మహబూబ్ అలీ 1866వ సంవత్సరము ఆగస్టు నెలలో పాతబస్తీలోని పురానీ హవేలీలో జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా 1869వ సంవత్సరములో మరణించెను. అప్పటికి బాలునకు మూడేండ్లైనను నిండలేదు. మాటలు సరిగా రాని పసివానిని సింహాసనముపై కూర్చుండబెట్టిరి. దివానుగా నున్న మొదటి సాలార్జంగును, అమీరులలో పెద్దయైన షంసుల్ ఉమ్రాయు బాలుని పేరిట రాజ్యభారము వహించిరి. బాలునకు అరబ్బీ, ఫారసీ, ఉర్దూ భాషలతో పాటు ఆంగ్లమును నేర్పించిరి. గుఱ్ఱపుస్వారియందును, తుపాకి గురియందును ఆయన మేటియయ్యెను. పెద్దపులుల వేటలో ఆయన పేరు దేశమంతటను మ్రోగెను.

సాలార్జంగు 1853వ సంవత్సరములో, 24 ఏండ్ల వయస్సులో దివానైనవాడు. అప్పులలో మునిగియున్న రాజ్యమును గట్టెక్కించి, పన్నుల వసూలును సంస్కరించి, జిల్లాలను ఏర్పరచి, న్యాయస్థానములను, పాఠశాలలను నెలకొల్పినవాడు. 1883వ సంవత్సరము ఫిబ్రవరిలో జర్మనీ దేశపు రాజవంశీయుడొకడు హైదరాబాదునకు అతిథిగా వచ్చెను. ఆ అతిథికి మర్యాదలు జరుపుచున్న దినములలోనే సాలార్జంగునకు విషూచి, అనగా కలరా సోకెను. కొలది గంటలలోనే, ఫిబ్రవరి 8వ తేదీన, ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరములు. ముప్పదియేండ్లు రాజ్యమును నిలిపిన దీక్షాపరుని ఒక్క దినపు వ్యాధి హరించెను. సంరక్షకుని కోల్పోయిన నాటికి మహబూబ్ అలీ పదునారేండ్ల కుమారుడు.

ఆ కాలమున కలరా యేల కలుగునో వైద్యులకు నిశ్చయముగా తెలియదు. రాబర్ట్ కోఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈజిప్టులో పరిశోధన ప్రారంభించి, మరుసటి సంవత్సరము కలకత్తాలో దాని క్రిమిని స్థిరపరచెను. కలరా మనుష్యుని చంపుట యెట్లన, వాంతులచేతను, కడుగునీళ్లవంటి విరేచనములచేతను శరీరమందలి నీటిని, లవణములను హరించి చంపును. కన్నులు గుంటలు పడుట, నాలుక యెండుట, మూత్రము నిలిచిపోవుట, చేతులు కాళ్లు చల్లబడుట, మగతగా నుండుట ప్రమాదసూచనలు. ఈ గుర్తులు కనబడిన పిమ్మట తెల్లవారనిమ్మని వేచియుండరాదు. పోయిన నీటిని వెంటనే తిరిగి యిచ్చినచో రోగి లేచి కూర్చుండును. 1971వ సంవత్సరములో బంగాళదేశపు శరణార్థుల శిబిరములో దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, చక్కెర తగుపాళ్లలో కలిపిన నీటిని త్రాగించి వేలకొలది ప్రాణములు కాపాడెను. సాలార్జంగు కాలమునకు ఈ జ్ఞానము లేదు. మన కాలమునకు కలదు.

1884వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన రాజప్రతినిధి రిప్పన్ ప్రభువు హైదరాబాదునకు వచ్చి మహబూబ్ అలీకి పూర్ణాధికారములు అప్పగించెను. ఆయన పాలనలో నగరము క్రొత్త విద్యలకు చోటిచ్చెను. మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున నున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడుండెను. శస్త్రచికిత్సలో రోగికి మత్తు కలిగించు క్లోరోఫారము ప్రాణాపాయము కలిగించునా, కలిగించినచో ఎట్లు కలిగించునను ప్రశ్న అప్పుడు వైద్యలోకమును కలవరపెట్టుచుండెను. దానిని తేల్చుటకై 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదులో రెండు సంఘములు పరిశోధనలు సాగించినవి. రెండవ సంఘమునకు లండను నుండి లాడర్ బ్రంటన్ అను పండితుని రప్పించుటకు నిజాము ప్రభుత్వము ధనమిచ్చెను. మత్తునిచ్చువాడు రోగి శ్వాసను కనిపెట్టియుండవలెనని ఆ సంఘములు బోధించినవి. క్లోరోఫారము నేరుగా గుండెను తాకదన్న వారి నిర్ణయమును మాత్రము తరువాతి పరిశోధనలు సరిదిద్దినవి. ఎంత పెద్దలు చెప్పిన మాటయైనను పరీక్షకు నిలువవలె నన్నదే శాస్త్రధర్మము.

అదే నగరములో, అదే ప్రభువు కాలములో, పరీక్షకు నిలువని నమ్మక మొకటి ప్రబలెను. ఒక ఫకీరు అనుగ్రహముచే మహబూబ్ పాషాకు పాము విషమును విరుచు శక్తి కలిగినదని జనులు నమ్మిరి. సర్పదష్టుడు ఆయన పేర ఆన పెట్టుకొన్నచో విషము దిగునని చెప్పుకొనిరి. పాముకాటు తిన్నవారెవరు వచ్చినను, అర్ధరాత్రమైనను సరే, తన్ను నిద్రలేపి తెలుపవలెనని ప్రభువు సేవకుల కాజ్ఞాపించెనని ప్రతీతి. కోటద్వారమున నిలుచుటకే జంకెడు నిరుపేదకు ఆ ద్వారము ఆ యొక్క కష్టములో తెరచియుండెనన్నమాట. ప్రజలు ఆయనను ప్రేమించిరనిన ఆశ్చర్యమేమి?

అయితే బ్రతికినవారు నిజముగా మంత్రమహిమచేతనే బ్రతికిరా? ఈ ప్రశ్నకు సమాధానము పాముల స్వభావములోనే యున్నది. మన దేశమందలి పాములలో పెక్కింటికి మనుష్యుని చంపగల విషము లేదు. జెర్రిపోతు, నీరుకట్టె వంటివి కరచినను ప్రాణభయము లేదు. విషసర్పము కరచినప్పుడైనను ప్రతిసారియు విషము లోనికి ఎక్కదు. ఒక్కొక్కప్పుడు కోరలు దిగియు విషము దిగదు. ఇట్టి కాట్లు తిన్నవారు తాయెత్తు కట్టినను బ్రతుకుదురు, కట్టకున్నను బ్రతుకుదురు. బ్రతికినవాడు పదిమందికి చెప్పును, చచ్చినవాడు చెప్పలేడు. మంత్రగాండ్ర కీర్తి పెరుగుట ఇట్లే. జోసెఫ్ ఫేరర్ అను వైద్యుడు కలకత్తాలో పాము విషమునకు విరుగుళ్లని పేరుపడిన మందులను పరీక్షించి, ఏదియు పనిచేయుట లేదని తేల్చెను. ఆయన గ్రంథము 1872వ సంవత్సరములో, అనగా మహబూబ్ అలీ బాల్యములోనే, వెలువడెను.

మన ప్రాంతమున ప్రాణములు తీయు పాములలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. పింజరులు కరచిన చోట వాపు, నొప్పి హెచ్చగును, రక్తము గడ్డకట్టు గుణమును కోల్పోవును, చిగుళ్లనుండియు, మూత్రమునందును రక్తము కనబడవచ్చును, మూత్రపిండములు చెడవచ్చును. నాగుపాము, కట్లపాముల విషము నరములకును కండరములకును గల సంబంధమును త్రెంచును. మొదట కనురెప్పలు వ్రాలును, పిమ్మట మాట తడబడును, మ్రింగుట కష్టమగును, తుదకు ఊపిరి యాడదు. వీనిలో కట్లపాము మిక్కిలి మోసకారి. రాత్రివేళ నేలపై నిద్రించువానిని కరచును. నొప్పి యుండదు, వాపు ఉండదు, గాటు కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పియని లేచినవాడు అజీర్ణమని తలచి వాము నమలుచు కూర్చుండును. రెప్పలు వ్రాలుటను నిద్రమత్తనుకొందురు. ఈ విధముగ చిన్నదని ఎంచిన బాధయే ప్రాణమును తీయును.

కావున బాధ పెద్దదా చిన్నదా యన్నదానిని బట్టి తొందరను నిర్ణయింపరాదు. నొప్పి లేని కాటు చంపవచ్చును. మిక్కిలి మండు కాటు తేలిపోవచ్చును. కరచినది విషసర్పమో కాదో ఇంటివారు తేల్చదగిన విషయము కాదు. వైద్యులు కూడ చూచినంతనే చెప్పక, రోగి రక్తమును కొంచెము శుభ్రమైన గాజునాళికలో పోసి 20 నిమిషములు కదలింపక యుంచి, గడ్డకట్టినదా లేదా యని చూతురు. రెప్పలను, శ్వాసను మాటిమాటికి పరీక్షింతురు. ఏ చిహ్నము కనబడకున్నను ఒక పగలు ఒక రాత్రి కనిపెట్టియుందురు. చదివినవారే అంత ఆగి నిర్ణయింపగా, ఇంటి అరుగుమీద కూర్చుండి ఏమియు కాదని తీర్పు చెప్పుట తగునా?

సరియైన విరుగుడు కూడ మహబూబ్ పాషా జీవితకాలములోనే పుట్టినది. 1890 తరువాతి సంవత్సరములలో ఆల్బర్ట్ కాల్మెట్ అను ఫ్రెంచి వైద్యుడు, జంతువులకు పాము విషమును స్వల్పముగా ఎక్కించుచు పోయిన యెడల వాని రక్తములో విషమును విరుచు గుణము పుట్టునని చూపి, ఆ రక్తరసముతో మందు తయారుచేసెను. నేడు గుఱ్ఱముల రక్తము నుండి తీయు ఆ మందు పై నాలుగు పాముల విషమునకును పనిచేయును. దానికి కావలసిన విషమును సేకరించువారిలో తమిళనాడునందలి ఇరుల జాతివారి సహకార సంఘము, 1978వ సంవత్సరములో ఏర్పడినది, ముఖ్యమైనది. ఈ మందు రక్తములో తిరుగుచున్న విషమును పట్టుకొనును గాని, నరములను అంటుకొన్న విషమును సులభముగా విడిపింపలేదు. అందుచేతనే మందు ఎంత వేగముగ పడిన అంత మేలు. మంత్రగాని యింట గడచిన రెండు గంటలను ఏ వైద్యుడును తిరిగి తేలేడు.

పాము కరచినప్పుడు చేయవలసినది కొద్దియే. రోగికి ధైర్యము చెప్పి నడువనీయక పరుండబెట్టవలెను. కరచిన కాలిని గాని చేతిని గాని విరిగిన యెముకకు కట్టినట్లు బద్దతో కదలకుండ నిలుపవలెను. ఉంగరములు, గాజులు, కడియములు తీసివేయవలెను. గట్టిగా త్రాడు బిగింపరాదు. బిగించినచో అవయవమే చచ్చును. గాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరులు పోయరాదు. పామును వెదకుచు పొద్దు పుచ్చరాదు. కరచిన వేళను గుర్తుంచుకొని, విరుగుడు మందు గల ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి నగరమును ముంచెను. వేలాది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆసుపత్రి కూలిపోయెను. మహబూబ్ పాషా తన భవనముల ద్వారములను తెరపించి ఇల్లు కోల్పోయినవారికి ఆశ్రయమిచ్చెను, అన్నము పెట్టించెను. ఇట్టి ఉపద్రవము మరల రాకుండుటకై మరుసటి సంవత్సరము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి ఉపాయ మడిగిరి. వరద వచ్చినప్పుడు ఆదరించుట దయ. రాకుండ చేయుట వివేకము. ఆ వేళ రెండును తోడయ్యెను.

ఆ తరువాత మూడేండ్లకు, 1911వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, పాతబస్తీకి దక్షిణమున కొండపై నున్న ఫలక్‌నుమా భవనములో మహబూబ్ అలీ మరణించెను. ఆయన వయస్సు 45 ఏండ్లు మాత్రమే. ఇతరుల ప్రాణములు నిలుపునని జనులు నమ్మిన ప్రభువు తన ప్రాణమును నిలుపుకొనలేకపోయెను. ప్రేమించిన జనులు దుఃఖించి ఆయనను మక్కా మసీదులో తండ్రితాతల చెంతకు చేర్చిరి. కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ ఏడవ నిజామయ్యెను.

పాముకాటు నేటికిని మన దేశపు పేదలను విడువలేదు. 2000 మొదలు 2019 వరకు భారతదేశములో సుమారు 12 లక్షలమంది పాముకాటుచే మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అనగా ఏటేట 58 వేలమంది. వీరిలో అధికసంఖ్యాకులు పల్లెవాసులు. మందు లేని కాలమున జనులు రాజు పేరు తలచుట నిందింపదగినది కాదు. మందున్న కాలమున దానిని విడిచి పేరు మాత్రమే తలచుట క్షమింపదగినది కాదు.

మహబూబ్ పాషా కథలో మంత్రమును విడిచి తీసికొనదగిన భాగ మొకటి కలదు. కష్టములోనున్నవాడు ఏ వేళకు వచ్చినను తలుపు తెరువవలెను. వచ్చుటకు అతడు సంకోచింపరాదు. అదే ఆ ఆజ్ఞలోని సారము. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన హైదరాబాదు కేంద్రముగా 108 వాహనముల సేవ ప్రారంభమైనది. అర్ధరాత్రమైనను ఆ సంఖ్యకు పిలుపు చేయుటకు రాజానుగ్రహము అక్కరలేదు. ఊపిరి కష్టమైనను, రెప్పలు వ్రాలినను, రక్తము నిలువకున్నను, మూత్రము బంధించినను, స్పృహ తప్పుచున్నను, ఇరుగుపొరుగువారేమనుకొందురో యని వెనుదీయక పిలువవలెను. వైద్యుడు పరీక్షించి భయము లేదని పంపివేసినచో నష్టపోయినది ఒక రాత్రి నిద్ర మాత్రమే.