లాప్లాస్ లెక్కపెట్టిన జనం

సెకండియర్‌లో లాప్లాస్ ట్రాన్స్‌ఫామ్ నేర్చుకున్నప్పుడు ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని నాకు తట్టనే లేదు. పరీక్షకి ముందు బట్టీ పట్టాల్సిన ఒక టేబుల్, అంతే. ఈ మధ్య ప్రాబబిలిటీ చదువుతుంటే ఆయన మళ్లీ ఎదురయ్యాడు. ఈసారి ఫ్రాన్స్ దేశంలో జనం ఎంతమందో లెక్క వేస్తూ! ఆ కథ మీకూ చెప్పాలనిపించింది.

పియెర్ సిమోన్ లాప్లాస్ 1749 మార్చి 23న ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో పుట్టాడు. ఇంట్లోవాళ్లు ఆయన్ని మతగురువుని చేద్దామనుకున్నారు. అందుకని కాన్ నగరంలో థియాలజీ చదవడానికి పంపారు. అక్కడ లెక్కలు రుచి చూశాక ఇక వెనక్కి తిరగలేదు. ఇరవై ఏళ్లు కూడా నిండకముందే పారిస్ చేరి, అప్పటి పెద్ద గణితవేత్త దాలెంబేర్‌ని మెప్పించి, మిలిటరీ స్కూల్లో మాస్టారి ఉద్యోగం సంపాదించాడు. 1773లో సైన్స్ అకాడెమీ సభ్యుడయ్యాడు. 1785లో ఆయన పరీక్ష పెట్టిన కుర్రాళ్లలో పదహారేళ్ల నెపోలియన్ కూడా ఉన్నాడు.

ఆ రోజుల్లో ఫ్రాన్స్ రాజుగారికి తన రాజ్యంలో ఎంతమంది ఉన్నారో సరిగ్గా తెలియదు. ఇంటింటికీ వెళ్లి లెక్కపెట్టాలంటే బోలెడు ఖర్చు. పైగా లెక్క రాసుకునేవాడు గుమ్మంలోకి వస్తే జనానికి భయం, పన్ను వేస్తారేమో, పిల్లాణ్ణి సైన్యంలోకి లాక్కుపోతారేమో అని. కానీ ఒక్కటి మాత్రం దేశమంతా రాసి ఉండేది. పుట్టిన పిల్లలకి చర్చిలో బాప్తిస్మం ఇచ్చినప్పుడు రిజిస్టర్‌లో ఎక్కించేవాళ్లు.

మన ఫెస్ట్‌తో పోల్చి చూడండి. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడం కష్టం. కానీ మొత్తం ఎన్ని బైకులు వచ్చాయో పార్కింగ్ టోకెన్లు చెప్పేస్తాయి. ఒక గేటు దగ్గర కాసేపు నిలబడి మనుషుల్ని, బైకుల్ని విడివిడిగా లెక్కపెడితే ఒక్కో బైకుకి ఎంతమంది చొప్పున పడుతున్నారో తెలుస్తుంది. దాన్ని టోకెన్ల సంఖ్యతో గుణిస్తే సరి. ఇక్కడ టోకెన్లు ఎలాగో అక్కడ జననాల రిజిస్టర్ అలాగ. కొన్ని ఊళ్లలో మాత్రం జనాన్ని లెక్కపెట్టి, ఏడాదికి ఒక్కో జననానికి ఎంతమంది ఉన్నారో కనుక్కుని, దేశం మొత్తం జననాలతో గుణించాలి.

ఈ ఉపాయం లాప్లాస్‌ది కాదు, అంతకుముందే వాడేవాళ్లు. ఆయన అడిగిన ప్రశ్న వేరు: ఇలా వచ్చిన అంకె ఎంత తప్పు కావచ్చు? తప్పు ఐదు లక్షలు దాటకూడదనీ, ఆ నమ్మకం వెయ్యికి ఒకటి పందెం కాసేంత ఉండాలనీ అనుకుంటే ఎంతమందిని లెక్కపెట్టాలి? 1786లో అచ్చయిన వ్యాసంలో దానికి జవాబు చెప్పాడు. దాదాపు 7 లక్షల 70 వేల మందిని లెక్కపెట్టాలి. ఇంకా భద్రంగా ఉండాలంటే పది, పన్నెండు లక్షలు.

ఈలోగా విప్లవం వచ్చింది. ఆయనతో కలిసి పనిచేసిన లావోసియేని 1794లో గిలెటిన్ ఎక్కించారు. లాప్లాస్ అప్పటికే పారిస్ వదిలి వెళ్లి బతికిపోయాడు. 1799లో నెపోలియన్ ఆయన్ని హోం మంత్రిని చేసి, ఆరు వారాలకే తీసేశాడు. మంత్రిగా ఫెయిలే. కానీ ప్రభుత్వంలో ఆయన మాట మాత్రం చెల్లింది.

ఆయన అడిగితే ప్రభుత్వం 30 జిల్లాల్లో ఎంచుకున్న ఊళ్లలో జనాన్ని లెక్కపెట్టించింది. 1802 సెప్టెంబర్ 22 నాటికి అక్కడ 20,37,615 మంది ఉన్నారు. అంతకుముందు మూడేళ్లలో పుట్టినవాళ్లు 2,15,599 మంది. అంటే ఏడాదికి ఒక్కో జననానికి సుమారు 28.35 మంది. దేశంలో ఏటా పది లక్షల జననాలు అనుకుంటే జనాభా 2,83,52,845. ఈ అంకె ఐదు లక్షలకి మించి తప్పు కాదనడానికి దాదాపు మూడు లక్షలకి ఒకటి పందెం కాయొచ్చన్నాడు.

నేను ఆగిపోయింది ఇక్కడే. అంత నమ్మకమా? ఆ ఊళ్లని చీటీలు వేసి తీయలేదు. లెక్క శ్రద్ధగా పంపగల మేయర్లు ఉన్న ఊళ్లని ఏరుకున్నారు. బస్టాప్ పక్క గేటు దగ్గరే నిలబడి లెక్కపెడితే నడిచొచ్చేవాళ్లే ఎక్కువ కనపడతారు కదా! అలాంటి తప్పు ఆయన పందెం లెక్కలోకి రాలేదు. అన్ని ఊళ్లలోనూ నిష్పత్తి ఒకటే అన్నట్టు లెక్క కట్టాడు. అంతటివాడికీ ఈ కన్నం కనపడలేదా, కనపడినా వేరే దారి లేదా, నాకు తేలలేదు.

లాప్లాస్ 1827 మార్చి 5న పారిస్‌లో పోయాడు. ఆ ప్రశ్న మాత్రం పోలేదు. మన దేశంలో చివరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి, ఇప్పుడు 2027కి వచ్చింది. ఈ మధ్యకాలమంతా మనం వాడుతున్నవి అంచనాలే. 2011 లెక్క మీద జననాలు, మరణాలు, వలసలు ఎలా ఉంటాయో ఊహించి కట్టిన ప్రొజెక్షన్లు. ఆ ఊహలకి ఆధారం శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్. అంటే కొన్ని ఊళ్లు, కొన్ని వార్డులు ఎంచుకుని ఏటా జననమరణాలు నమోదు చేసే పద్ధతి. రేషన్ బియ్యం ఎంతమందికి ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 అంకెల మీదే నడుస్తోంది. అక్కడ అంకె తప్పితే ఎవరి కంచంలోనో అన్నం తగ్గుతుంది.

ల్యాబ్‌లో రీడింగ్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ రాయకపోతే మనకి మార్కులు కోస్తారు. నూట నలభై కోట్లు అని వార్తల్లో విన్నప్పుడు ఆ పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంత అని నేనిదివరకు ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. దాంతోపాటు, ఏ గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టారు అని కూడా.