డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు

కృష్ణామండలమున బెజవాడకు చేరువలో కంకిపాడను గ్రామము గలదు. 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన లక్ష్మణరావుగారు అచ్చట జన్మించిరి. తండ్రిగారు గ్రామకరణము. కరణముల యింట పుట్టిన బిడ్డకు సిరిసంపదలు దక్కినను దక్కకపోయినను, అడంగలు పుస్తకములోని అంకె తప్పరాదను భయభక్తులు మాత్రము ఉగ్గుపాలతోనే అబ్బును. లక్ష్మణరావుగారికి తొమ్మిదవయేట పితృవియోగము కలిగెను. పిమ్మట పాఠశాలలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బవలన ఒక కంటి చూపు నశించెను. వెండ్రుకవాసి గీతలను గీయవలసిన, గీసిన గీతను తిరిగి కొలిచి చూడవలసిన విద్యను ఒంటికంటితో ఎన్నుకొనుట సామాన్య సాహసము కాదు. ఆయన గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి పట్టభద్రులైరి.

ఆ దినములలో ఇంజనీరింగు పట్టము చేతికందిన యువకుడు సర్కారు కొలువున ప్రవేశించి, పదోన్నతులను లెక్కించుకొనుచు పింఛను దినము వఱకు నిశ్చింతగా నుండవచ్చును. చదువు అక్కడితో ముగిసినదని లోకము తలచుచుండెను. ఉద్యోగియు అట్లే తలచుచుండెను. లక్ష్మణరావుగారు అట్లు తలపలేదు. రంగూనులో అధ్యాపకులుగా పనిచేసిరి. ఆ మీదట సముద్రములు దాటి ఇంగ్లండునకేగి, బర్మింగుహాము విశ్వవిద్యాలయమున పరిశోధన గావించి, 1939లో డాక్టరు పట్టమును పొందిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియేడు సంవత్సరములు. సంసారియై, సంపాదనపరుడై, పదుగురికి పాఠము చెప్పిన పిమ్మట మరల విద్యార్థి పీటపై కూర్చుండుటకు అహంకారమును చంపుకొనవలెను. ఇంగ్లండులోనే కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండి, కట్టడముల నిర్మాణమును, ఇనుపకమ్ముల కాంక్రీటును గూర్చి ఒక గ్రంథమును రచించిరి.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిదప మద్రాసు ప్రభుత్వమున చేరి గోదావరిపై తలపెట్టిన రామపాదసాగర నిర్మాణ ప్రణాళికలో పాల్గొనిరి. 1950లో ఢిల్లీ చేరి కేంద్ర జలవిద్యుత్ సంఘమున ఆనకట్టల రూపకల్పనకు డైరెక్టరు అయిరి. 1954లో చీఫ్ ఇంజనీరైరి. నాగార్జునసాగరమును కాంక్రీటుతో గాక రాతికట్టడముగా నిర్మింపవచ్చునని వాదించి, కొఱతగా నున్న సిమెంటును ఆదాచేసి, మన రాతిపనివారికి పని కల్పించిన వారిలో ఆయన ముఖ్యులు. ఆ కథను పలువురు వ్రాసియున్నారు గనుక ఇచ్చట విస్తరింప నక్కరలేదు. లక్ష్మణరావుగారనగానే జనులకు ఆనకట్టలే జ్ఞప్తికి వచ్చును. వారి ఏలుబడిలోని రెండవ శాఖను, అనగా విద్యుచ్ఛక్తిని, స్మరించువారు తక్కువ. చదువరుల దృష్టి ఇచ్చట ఆ వైపునకు మరలవలెనని ఈ వ్యాసోద్దేశము.

1962లో ఆయన విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైరి. మఱుసటి సంవత్సరము జూలైలో నెహ్రూగారి మంత్రివర్గమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖను చేపట్టిరి. అదే సంవత్సరము పద్మభూషణ బిరుదు లభించెను. నెహ్రూ, శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రభుత్వములు మూడింటను, 1973 వఱకు, ఆ శాఖ వారి చేతిలోనుండెను. తాను నడుపు శాఖ పనిని తానే స్వయముగా చేసి యెఱిగిన మంత్రులు ఏ కాలమునను అరుదు.

ఆ కాలపు లెక్కలను కొంచెము చూడవలెను. స్వాతంత్ర్యము వచ్చిన 1947లో దేశమంతటి విద్యుదుత్పత్తి యంత్రముల స్థాపితశక్తి 1,362 మెగావాట్లు. 1961 మార్చి నాటికి అది 4,653. 1966 మార్చి నాటికి 9,027. అనగా ఐదేండ్లలో ఇంచుమించు రెట్టింపు. యంత్రములను రష్యా, అమెరికా, జపాను మొదలగు దేశములనుండి ఓడలలో తెప్పింపవచ్చును. వానిని నడుపు మనుష్యులను అట్లు తెప్పింప వీలులేదు. కళాశాలలో విద్యుత్ శాస్త్రము చదివినవాడు సూత్రము నెఱుగును. కాని బొగ్గును పిండిగా నూరి కొలిమిలోనికి చిమ్ము బాయిలరులో, డ్రమ్మునందలి నీటిమట్టము ఒక్క నిమిషము దిగజారిన యెడల గొట్టములెట్లు మాడిపోవునో అతడు పుస్తకమున చూచియుండడు. టర్బైను హఠాత్తుగా ఆగిపోయినచో దాని భారము పొరుగు యంత్రములపై పడును. అవి ఆ భారము నోర్వక ఒకదాని వెంట నొకటి నిలిచిపోవును. ఊళ్లకు ఊళ్లు చీకటి పాలగును. అట్టి సమయమున ఏ వాల్వు ముందు మూయవలెను, ఏ స్విచ్చి పిమ్మట తీయవలెనను నిర్ణయమునకు కొన్ని క్షణములే వ్యవధి. అప్పుడు గ్రంథము తిరుగవేయుట కుదరదు. అంతకుమున్ను ఇట్టి విద్య పెద్ద పనివాని వెంట చిన్నవాడు తిరిగి నేర్చుకొనునదిగా నుండెను. పెద్దవాడు నేర్పిన తప్పులుకూడ దానితోబాటే సంక్రమించుచుండెను.

లక్ష్మణరావుగారు శాఖను నిర్వహించుచున్న 1965వ సంవత్సరమున తమిళదేశములోని నైవేలిలో థర్మల్ విద్యుత్కేంద్రముల ఉద్యోగులకై శిక్షణాలయము వెలసెను. స్థల నిర్ణయము ఔచిత్యవంతము. లిగ్నైటు బొగ్గును మండించి నడుచు నైవేలి కేంద్రము 1962లోనే పని ప్రారంభించియుండెను. పాఠము విన్నవాడు ఆ యంత్రములను కన్నులార చూచి చెవులార వినవచ్చును. 1968లో దుర్గాపురమున రెండవ శిక్షణాలయము ఏర్పడెను. అంతవఱకు పట్టభద్రులమని తలయెత్తుకొని తిరుగు ఇంజనీర్లు మరల నోటుపుస్తకము చేపట్టి తరగతిలో కూర్చుండిరి. ముప్పదియేడవ యేట తాను చేసిన పనినే శాఖలోని వారందఱును చేయవలసివచ్చెనని చెప్పవచ్చును. ఉద్యోగిని నెలల తరబడి పనినుండి తప్పించి చదువునకు పంపుట సొమ్ము దండుగయని తలచు అధికారులు ఎల్ల కాలములందును కలరు. ఒక్క టర్బైను చెడి నిలిచిపోయిన దినముల నష్టమును లెక్కకట్టి చూచినవారికి ఆ దండుగ ఎంత స్వల్పమో తెలియును.

1964లో దేశమును ఐదు మండలములుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ మండలులను నెలకొల్పిరి. ఒక రాష్ట్రమున మిగిలిన శక్తి పొరుగు రాష్ట్రమునకు పాఱవలెనన్నది దీని భావము. నదుల నీటిని గూర్చి లక్ష్మణరావుగారు కన్న కలయు ఇట్టిదే. విశాఖ మండలమువారికి ఈ భావము క్రొత్తది కాదు. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలిసి నిర్మించిన మాచ్‌ఖండ్ విద్యుత్తు 1955 నుండి ఈ ప్రాంతమున వెలుగుచునే యున్నది. కాని మండలములను కలుపుటలో నొక చిక్కు గలదు. మన విద్యుత్తు క్షణమునకు నూఱు పర్యాయములు దిశ మార్చుకొనునది. రెండు మండలముల లయ సరిపోనిచో వానిని నేరుగా ముడివేయరాదు. సింహాచలమునకు దక్షిణమున గాజువాకలో 1999లో నెలకొల్పిన కేంద్రము ఈ చిక్కును విప్పుటకై పుట్టినదే. అచ్చట తూర్పు మండలపు విద్యుత్తును ఏకదిశా ప్రవాహముగా మార్చి, మరల దక్షిణ మండలపు లయకు తిప్పి విడచెదరు. 2013 డిసెంబరు 31న దక్షిణ మండలము తక్కిన దేశముతో ఏకలయమున కలిసెను. ఇరువది యేండ్ల క్రిందట పట్టము పొందిన ఇంజనీరు ఇట్టి మార్పునకు తగినట్లు మరల నేర్వక ఏమి చేయగలడు?

1969లో గ్రామములకు విద్యుత్తును చేర్చుటకు గ్రామీణ విద్యుదీకరణ సంస్థయు వారి కాలముననే పుట్టెను. 1972లో గంగా కావేరీ సంధాన ప్రణాళికను వారు దేశము ముందుంచిరి. పాట్నా వద్ద గంగనుండి వరద దినములలో క్షణమునకు 60,000 ఘనపుటడుగుల నీటిని మళ్లించి, 2,640 కిలోమీటర్లు నడపి దక్షిణమునకు తెచ్చుట దాని సారాంశము. భావము మహోన్నతము. కాని నీటిని ఎత్తిపోయుటకు 5,000 నుండి 7,000 మెగావాట్ల శక్తి కావలసియుండెను. 1974లో దేశమంతటి స్థాపితశక్తి 16,664 మెగావాట్లు మాత్రమే. మూడింట ఒకవంతు వెలుగును ఒక్క కాలువకు ధారపోయు స్థితిలో దేశము లేదు. విద్యుచ్ఛాఖను స్వయముగా నడిపిన మహనీయుడు ఈ లెక్కను ఎఱుగకపోలేదు. జలముపై ప్రేమ లెక్కను మించినదని తోచును. ఆ ప్రణాళికను ప్రభుత్వము పిమ్మట విడిచిపెట్టెను.

వారు పదవి వీడిన పిదప శిక్షణ ఆగలేదు. 1974లో బదర్‌పూరునను, 1975లో నాగపురమునను శిక్షణాలయములు వెలసెను. 1980లో వీనినన్నిటిని ఒక సంఘము క్రిందికి తెచ్చిరి. 1993లో దానికి జాతీయ విద్యుత్ శిక్షణ సంస్థయని పేరిడిరి. క్రమముగా, యంత్రము ముట్టకయే దాని ప్రతి కష్టమును అనుభవింపజేయు కృత్రిమ నియంత్రణ గదులు వచ్చెను. పైలట్లకు నేలమీదనే విమానము నేర్పినట్లు, కావలెనని ప్రమాదమును కల్పించి ఇంజనీరును పరీక్షించుట వానియందు సాధ్యము. ఆయన మంత్రిగా నున్నప్పుడు కొత్తగూడెములో అమర్చినవి 60 మెగావాట్ల యంత్రములు. 2002లో పరవాడ వద్ద సింహాద్రినాథుని పేర వెలసిన కేంద్రమున ఒక్కొక్క యంత్రము 500 మెగావాట్లది.

లక్ష్మణరావుగారు భారతదేశ జలసంపదను గూర్చి గ్రంథమును, స్వీయచరిత్రను రచించి, 1986 మే 18వ తేదీన పరమపదించిరి. విజయవాడలో ఒక పేటకును, కృష్ణానదిపై పులిచింతల జలాశయమునకును వారి పేరిడిరి. నైవేలి శిక్షణాలయమునకు ఎవరి పేరును లేదు; అందు తరగతులు నేటికిని జరుగుచున్నవి.