జోసఫ్ ఫ్రాన్‌హోఫర్

మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల బాలురలో తల్లిదండ్రులు లేనివారును, పనిచేసికొనుచు చదువుకొనువారును గలరు. అట్టివారికై మేమీ చరిత్రమును వ్రాయుచున్నాము.

ఫ్రాన్‌హోఫర్ 1787వ సంవత్సరమున బవేరియా దేశమందలి స్ట్రాబింగు పట్టణమున నొక గాజుపనివాని యింట జన్మించెను. 11 ఏండ్ల ప్రాయముననే తల్లిదండ్రులను గోల్పోయి, మ్యూనిచ్ నగరమున నొక యద్దములపనివానియొద్ద పని నేర్వ జేరెను. యజమానుడు వానిని చదువుకొననీయకుండెను. 1801లో ఆ యిల్లు కూలగా, బాలుడు శిథిలములక్రింద జిక్కియు బ్రతికి బయటపడెను. అది చూచి జాలిగొని ప్రభువగు మాక్సిమిలియన్ జోసఫ్ ధనమొసగెను. బాలుడా ధనముతో గాజును సానబట్టు యంత్రమును గొని, మిగిలినదానితో యజమానునినుండి విడుదల పొందెను.

1814లో నతడు సూర్యకాంతిని పట్టకముద్వారా పరిశీలించి, రంగులనడుమ వందలకొలది నల్లని గీతలను గుర్తించెను. పిమ్మట సన్నని తీగెలను సమదూరమున బేర్చి, వానిచే వెలుగును విడదీసి, రంగుల తరంగదైర్ఘ్యములను గొలిచెను. 1826లో 39 ఏండ్లకే క్షయవ్యాధిచే మరణించెను.

ఆ సమదూరపు వరుసల సూత్రమే నేడు వెండ్రుకవంటి గాజుపోగులోపల పనిచేయుచున్నది. 1978లో కెనడా శాస్త్రజ్ఞులు పోగునందే యట్టి వరుసలను వెలుగుచేతనే యేర్పఱచిరి. అవి యొక్క రంగును మాత్రము వెనుకకు మరలించి తక్కినవానిని బోనిచ్చును. పోగును సాగదీసినను, వేడిచేసినను మరలెడు రంగు మాఱును.

గోడలక్రింద నణగిపోవలసిన బాలుని కృషి యింతదూరము వచ్చినది. అనాథయని యే బాలునిని బడికి దూరము చేయరాదని మేము తలంచుచున్నాము.