నాట్యం ఎన్నాళ్లకి వస్తుంది? వెంపటి చినసత్యం గారి కథ

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వీకెండ్‌లో సల్సా క్లాసులకి వెళ్లే సాఫ్ట్‌వేర్ వాళ్లు చాలామందే ఉన్నారు. మన కాలేజీలో కూడా ఫెస్ట్ దగ్గర పడగానే ఇదే చర్చ మొదలవుతుంది. కొత్తవాళ్లకి సల్సా రావాలంటే ఎన్ని వారాలు పడుతుంది అని. ఒకరు నాలుగు వారాలంటారు, ఇంకొకరు ఆరు నెలలంటారు. ఇద్దరిదీ నిజమే.

సల్సాలో ఎనిమిది లెక్కలుంటాయి. ఒకటి, రెండు, మూడుకి అడుగులు, నాలుగు దగ్గర ఆగాలి. అయిదు, ఆరు, ఏడుకి అడుగులు, ఎనిమిది దగ్గర మళ్లీ ఆగాలి. ఈ బేసిక్ స్టెప్ మొదటి రోజు క్లాసులోనే చాలామందికి వచ్చేస్తుంది. కానీ పాట వేగం పెరిగినా లెక్క తప్పకుండా ఉండటం, ఎదుటి మనిషి చెయ్యి ఎటు తిప్పుతోందో మాటల్లేకుండా తెలుసుకోవడం, ముక్కూమొహం తెలియని వాళ్లతో కూడా కంగారు లేకుండా ఆడటం, వీటికి నెలలు పడుతుంది. అసలు సల్సా మూలాలు క్యూబా సంగీతంలో ఉన్నాయి, ఆ పేరుతో పాపులర్ అయ్యింది 1970లలో న్యూయార్క్‌లో. అక్కడి క్యూబా, ప్యూర్టోరికో కుటుంబాల పిల్లలు ఇంట్లో పార్టీల్లో చూస్తూ చూస్తూ నేర్చుకున్నారు. వాళ్లకి ఎన్ని వారాలు అనే లెక్కతో పని లేదు. ఆ లెక్క బయటి నుంచి వచ్చి, ఫీజు కట్టి, టైం చూసుకుని నేర్చుకునే వాళ్లది. అంటే మనలాంటి వాళ్లది.

మన కూచిపూడికి కూడా సరిగ్గా ఇలాంటి మలుపే వచ్చింది. పుట్టి పెరిగిన ఊళ్లో, ఇంటి విద్యగా వచ్చే నాట్యం, ఊరు దాటి ఎవరైనా నేర్చుకోగలిగే నాట్యంగా మారింది. ఆ మలుపులో కొత్తవాళ్ల కోసం దారి వేసిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వెంపటి చినసత్యం గారు.

ఆయన 1929 అక్టోబర్ 15న కృష్ణా జిల్లా కూచిపూడిలో పుట్టారు. విజయవాడ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. పక్కనే మొవ్వ, పదాలు రాసిన క్షేత్రయ్య ఊరని చెప్పుకునే చోటు. కూచిపూడికి మన హైదరాబాద్‌తో కూడా ఒక పాత బంధం ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ నవాబు తానీషా ఈ భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి, ఆ ఊరిని వాళ్లకి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. హైటెక్ సిటీ నుంచి గోల్కొండ కోట ఎంతో దూరం కాదు కదా.

ఆ ఊళ్లో నాట్యం ఎలా వచ్చేదో మన లెక్కల్లో చెప్పడం కష్టం. వెంపటి, వేదాంతం, చింతా, పసుమర్తి, భాగవతుల, తాడేపల్లి ఇలాంటి ఇంటిపేర్ల కుటుంబాలు. ఆడేది మగవాళ్లే. సిద్ధేంద్రయోగి పెట్టిన నియమం ప్రకారం ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని అంటారు. పిల్లలకి తండ్రో, బాబాయో, పెదనాన్నో గురువు. రాత్రంతా సాగే యక్షగానాలు చూస్తూ, చిన్న వేషాలు వేస్తూ, పెద్దవాళ్ల వెనక నిలబడి పాడుతూ నేర్చుకునేవాళ్లు. అక్కడ డెమో క్లాసు లేదు, కోర్సు అయిపోయే తేదీ లేదు. ఎన్నాళ్లు పడుతుంది అని ఎవరైనా అడిగినా, పెరిగి పెద్దయ్యేంత కాలం అనే జవాబు వచ్చేదేమో.

చినసత్యం గారు తాడేపల్లి పేరయ్యశాస్త్రి గారి దగ్గర, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. ఈ లక్ష్మీనారాయణశాస్త్రి గారి గురించి ఒక మాట తెలుసుకోవాలి. మగవాళ్లు మాత్రమే ఆడే కాలంలో ఆయన ఆడవాళ్లకి నాట్యం నేర్పడానికి ముందుకొచ్చారు, ఒక్కరే వేదిక మీద ఆడగలిగే అంశాలకి ప్రాధాన్యం ఇచ్చారు. శిష్యుడు తర్వాత నడిచిన దారికి మొదలు అక్కడే ఉంది.

1940ల చివర్లో చినసత్యం గారు మద్రాసు వెళ్లారు. అప్పటికి తెలుగు సినిమా అంతా అక్కడే. వరసకి అన్నగారైన వెంపటి పెదసత్యం గారు సినిమాల్లో నృత్య దర్శకులు. ఆయన దగ్గర తమ్ముడు ఇంకా నేర్చుకున్నారు, సినిమా పనిలో సాయం చేశారు. సినిమాలోనే స్థిరపడిపోయి ఉంటే బతుకు సులువుగానే గడిచేది. కానీ ఆయన మనసు పాఠం చెప్పడం మీదే నిలిచింది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు.

అకాడమీకి వచ్చిన వాళ్లెవరు? కూచిపూడిలో పుట్టిన వాళ్లు కొందరే. ఎక్కువమంది బయటివాళ్లు. ఆడపిల్లలు, సినిమా తారలు, పట్నం పిల్లలు, తర్వాత తర్వాత విదేశాల నుంచి వచ్చిన వాళ్లు. హేమమాలిని ఆయన దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. శంకరాభరణం సినిమాలో మనం చూసిన మంజుభార్గవి ఆయన శిష్యురాలే. వీళ్లెవరికీ రాత్రంతా ఆట చూస్తూ పెరిగిన బాల్యం లేదు. ఊరంతా కలిసి ఏళ్ల తరబడి చేసే పనిని ఒక గదిలో, రోజుకి కొన్ని గంటల్లో ఎలా చేయాలి అనేది ఆయన ముందున్న అసలు సమస్య.

ఆయన దాన్ని మెట్లుగా విడగొట్టారు. మొదటి మెట్టు ఒళ్లు. మోకాళ్లు పక్కలకి వంచి, వెన్ను నిటారుగా ఉంచి నిలబడే భంగిమని అరమండి అంటారు. చూడటానికి ఏముంది అనిపిస్తుంది. రెండు నిమిషాలు నిలబడి చూడండి, తొడలే చెబుతాయి. చేతులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉండాలి అనేవి ఆయన చాలా కచ్చితంగా పట్టించుకున్నారు. ఊళ్లో ఒక్కో మేళానికి ఒక్కో తీరుగా ఉన్న ఆటకి ఒక నిర్దిష్టమైన గీత వచ్చింది.

రెండో మెట్టు అడుగులు, అంటే అడవులు. అయిదు జాతుల లెక్కలుంటాయి. తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం అయిదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. ప్రతి అడుగునీ మూడు కాలాల్లో వేయాలి. మొదటి కాలంలో ఒక దెబ్బకి ఒకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మన భాషలో చెప్పాలంటే ప్రతి లెవెల్‌కీ స్పీడ్ డబుల్. మొదటి కాలంలో శుభ్రంగా వేసిన అడుగు మూడో కాలానికి వచ్చేసరికి గజిబిజి అయిపోతుంది. గురువు కర్రతో తాళం కొడుతుంటే ఆ గజిబిజి పోయేదాకా మళ్లీ మళ్లీ వేయడమే సాధన.

మూడో మెట్టు చేతులు, కళ్లు, ముఖం. అభినయ దర్పణం లెక్క ప్రకారం ఒంటి చేతి ముద్రలు 28, తల కదలికలు 9, చూపులు 8, మెడ కదలికలు 4. వీటి శ్లోకాలు బట్టీ పట్టడం ఒక వీకెండ్ పని, ఎగ్జామ్ ముందు రోజు మనం చేసే పని లాంటిదే. కానీ పతాక హస్తం పట్టి దాన్ని ఒకసారి మేఘంగా, ఇంకోసారి నదిగా చూపించాలంటే, చూసేవాళ్లు నిజంగా నదినే చూడాలంటే, దానికి తేదీ వేయలేం.

ఈ వరస వల్ల ఒక పెద్ద లాభం జరిగింది. నేర్చుకునే వాళ్లకి తామెక్కడున్నారో తెలిసింది. ఈ రోజుకి ఈ అడుగు, ఈ కాలం వచ్చింది, తర్వాతది ఇది అని. ఇప్పుడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ మీద డిప్లొమా రెండేళ్లు. నాలుగేళ్లంటే సరిగ్గా మన బీటెక్. బీటెక్ అయ్యాక మనకి ఇంజనీరింగ్ మొత్తం వచ్చేసిందని ఎవరూ అనుకోరు, పని మొదలుపెట్టగలం అనుకుంటారు. అక్కడా అంతే.

పాఠాలతో పాటు ఆయన నృత్య నాటకాలు కూడా చాలా చేశారు. శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, పద్మావతీ శ్రీనివాస కల్యాణం, టాగోర్ రచన ఆధారంగా చండాలిక ఇలా. మాటలు ఎస్.వి. భుజంగరాయశర్మ గారివి, సంగీతం పట్రాయని సంగీతరావు గారిది, చాలా నాటకాలకి ఈ ముగ్గురూ ఒక టీమ్. రాత్రంతా జరిగే ఆట ఒక సాయంత్రంలో చూసేలా కుదిరింది. 1967లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1998లో పద్మభూషణ్ వచ్చాయి.

అందరూ దీన్ని మెచ్చుకోలేదు. పాత యక్షగానంలో వేషగాడు తనే పాడతాడు, తనే మాట్లాడతాడు, ప్రేక్షకుల్ని చూసి అప్పటికప్పుడు ఛలోక్తి విసురుతాడు. దాన్ని వాచికం అంటారు. కొత్త పద్ధతిలో పాట పక్కన కూర్చున్న గాయకుల చేతికి వెళ్లింది, వాచికం తగ్గింది. ఆడవాళ్లు ఆడవేషాలు వేయడంతో ఊళ్లో తరాలుగా సత్యభామలుగా మెప్పించిన మగవాళ్ల అవసరం తగ్గింది. మరీ శుభ్రం చేసేసి కూచిపూడిని భరతనాట్యానికి దగ్గర చేశారనే విమర్శ కూడా ఉంది. ఈ విమర్శని కొట్టిపారేయలేం. సిలబస్‌లోకి ఎక్కేవి ఎక్కుతాయి, ఎక్కనివి జారిపోతాయి. అడుగుని మూడు కాలాల్లో నేర్పొచ్చు గానీ, పదిమంది ముందు అప్పటికప్పుడు పుట్టే హాస్యాన్ని ఏ క్లాసులో నేర్పుతాం? అయినా ఒక విషయం ఆలోచించాలి. ఆ దారి వేయకపోతే నాట్యం ఆ కొన్ని ఇంటిపేర్ల దగ్గరే ఉండిపోయేది. మన క్లాసులో కూచిపూడి నేర్చుకున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఎవరూ ఆ గుమ్మం దాటి ఉండేవాళ్లు కాదు.

ఆ దారి ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి శోభానాయుడు గారొక్కరు చాలు. అనకాపల్లిలో 1956లో పుట్టి, చిన్నప్పుడే మద్రాసు వెళ్లి చినసత్యం గారి దగ్గర నేర్చుకున్నారు. గురువుగారి నాటకాల్లో సత్యభామగా, పద్మావతిగా పేరు తెచ్చుకున్నారు. తర్వాత హైదరాబాద్ వచ్చి ఇక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ నడిపారు. 2020లో ఆమె పోయేదాకా ఈ నగరంలో ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు ఆమె దగ్గర అడుగులు దిద్దుకున్నారు.

ఇంకో సాక్ష్యం మన గచ్చిబౌలిలోనే ఉంది. 2010 డిసెంబర్ 26న జీఎంసీ బాలయోగి స్టేడియంలో 2,800 మందికి పైగా ఒకేసారి హిందోళ తిల్లానా ఆడారు. అది గిన్నిస్ రికార్డు. వాళ్లు ఎన్నో రాష్ట్రాల నుంచి, ఎన్నో దేశాల నుంచి వచ్చినవాళ్లు. వేరువేరు ఊళ్లలో, వేరువేరు గురువుల దగ్గర నేర్చుకున్న అన్ని వేలమంది కాళ్లు ఒకే దెబ్బకి నేలని తాకాలంటే, అందరూ నేర్చుకున్న అడుగు ఒకటే అయి ఉండాలి. ఒక మనిషి మద్రాసులో ఒక గదిలో కూర్చి పెట్టిన క్రమానికి దీనికంటే పెద్ద టెస్ట్ ఏముంటుంది? అప్పటికి ఆయనకి 81 ఏళ్లు. 2012 జులై 29న చెన్నైలో కన్నుమూశారు. సత్యభామ వేషానికి దేశమంతా తెలిసిన వేదాంతం సత్యనారాయణశర్మ గారు కూడా ఆ ఏడాదే పోయారు. ఒకరు ఊరి పద్ధతికి శిఖరం, ఒకరు ఊరు దాటిన పద్ధతికి మొదలు.

ఇప్పుడు మళ్లీ మన ప్రశ్న. పంతొమ్మిదేళ్లకి మొదలుపెడితే లేటా? అయిదేళ్లకే మొదలుపెట్టిన వాళ్లతో పోలిస్తే మన మోకాళ్లు కొంచెం మొండికేస్తాయి, అంతే. మెట్లు మాత్రం అందరికీ అవే. ఫెస్ట్‌లో మూడు నిమిషాలు సల్సా ఆడాలంటే రెండు నెలలు గట్టిగా చేయండి, సరిపోతుంది. కూచిపూడి అయితే మొదటి ఏడాది అడుగులకే ఇచ్చేయండి, స్టేజీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఈలోపు ఒక ఆదివారం సాయంత్రం మాదాపూర్ శిల్పారామానికి వెళ్లండి. అక్కడ వారాంతాల్లో నృత్య ప్రదర్శనలు జరుగుతుంటాయి. కూచిపూడి ఉన్న రోజు చూసుకుని, అందరికంటే చిన్నపిల్ల ఎవరో వెతికి, ముఖం కాదు, పాదాలు చూడండి. లెక్క పెదవులతో వేసుకుంటూ అడుగు వేస్తుంటుంది. ఆ పిల్ల ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. ఆ మెట్టు అక్కడ ఎవరు పెట్టారో మీకిప్పుడు తెలుసు.